వేడి చేసింది

"పిడికిలి బిగించన్నా. ఇంకొంచెం. ఆఁ, గట్లనే ఉండు."

ప్రేమలత రబ్బరు పట్టీ ముడి సరిచేసి లారీ డ్రైవరు మోచేతి మడతలో చూపుడు వేలు పెట్టింది. కళ్ళు మాత్రం ఎదుటి గోడ మీదున్నాయి. నరం చూస్తే దొరకదు, ముట్టుకుంటే దొరుకుతుందని ఆమె నమ్మకం. చర్మం కింద మెత్తగా పైకి తన్నేదేదో వేలికి తగలగానే ఆమె ముఖంలో చిన్న మార్పు వచ్చింది. నవ్వు అనడానికి లేదు, నవ్వుకు కాస్త ముందే ఆగిపోయింది. స్పిరిటు దూదితో తుడిచి, అది ఆరేదాకా ఆగి, సూది దించింది. డ్రైవరు కళ్ళు గట్టిగా మూసుకుని దేవుళ్ళ పేర్లు తలుచుకుంటున్నాడు. మూడో దేవుడి దగ్గరికి వచ్చేసరికి సూది బయటికి వచ్చేసి, సన్నని ప్లాస్టిక్ గొట్టం నరంలో మిగిలి, దాని మీద టేపు కూడా పడింది.

"అయిపాయెనా?"

"ఎప్పుడో అయింది. కండ్లు తెరువు."

అతను ఊపిరి వదిలాడు గానీ ప్రేమలత వదల్లేదు. ఆమెకు అసలు పని ఇప్పుడే మొదలవుతుంది. లోపలి గదిలో స్కానింగు మిషను పక్కనున్న పంపు, రంగు మందును కొన్ని సెకన్లలో నరంలోకి తోస్తుంది. రంగు మందని అందరూ అంటారు గానీ దానికి రంగేమీ ఉండదు, మంచినీళ్ళలాగే ఉంటుంది. ఫోటోలో లోపలి అవయవాలు తెల్లగా తేలడానికి ఇస్తారు. గొట్టం నరంలో సరిగ్గా లేకపోతే ఆ మందంతా చర్మం కిందికి పోయి చేయి ఉబ్బిపోతుంది. అందుకని ఆమె ముందుగా ఉప్పునీటి సిరంజి పెట్టి కుడిచేత్తో తోస్తూ, ఎడమచేతి రెండు వేళ్ళు గొట్టానికి పైన ఆనించి ఉంచుతుంది. చల్లగా జారిపోతే సరే. వేళ్ళ కింద ఏ మాత్రం పొంగినా తీసేసి మళ్ళీ మొదలు. నొప్పుందా అని అడుగుతుంది కానీ జవాబును నమ్మదు. తెల్లకోటు కనిపిస్తే చాలు, ఏం లేదమ్మా అనేసే మనుషులు ఈ చుట్టుపక్కల వాళ్ళు.

"మందు పోయేటప్పుడు ఒళ్ళంత వేడిగైతది. మామూలే. భయపడకు," అని చెప్పి డ్రైవరును లోపలికి పంపింది. ఆ మాట ఆమె రోజుకు ఇరవైసార్లు చెబుతుంది. ఎనిమిదేళ్ళుగా చెబుతోంది.

పటాన్‌చెరులో, ముంబై హైవే నుంచి లోపలికి తిరిగిన సందులో ఉంది ఆ స్కానింగ్ సెంటర్. ప్రేమలత గది మెట్ల కింద. రెండు కుర్చీలు, చేయి ఆనించే బల్ల, మందు సీసాలను ఒంటి వేడికి ఉంచే చిన్న పెట్టె, ఆపదకు వాడే మందుల ట్రే. పొద్దున రాగానే ట్రే తెరిచి ఒక్కో చిన్న సీసానీ వెలుగుకు పట్టి తేదీ చదువుతుంది, ఆక్సిజన్ సిలిండర్ ముల్లు చూస్తుంది, మూసేస్తుంది. ఆ ట్రే నిజంగా అవసరపడింది ఎనిమిదేళ్ళలో మూడుసార్లే. మిగతా రోజులన్నీ ఏమీ జరగలేదు. ఏమీ జరక్కుండా చూడడమే ఆమె ఉద్యోగం. అట్లాంటి ఉద్యోగంతో వచ్చిన తిప్పలేమిటంటే, ఎంత బాగా చేస్తే అంత ఖాళీగా కూర్చున్నట్టు కనపడుతుంది.

అట్లా కనపడిందనే ఆ రోజు పొద్దున మేనేజర్ చంద్రకాంత్ ఆమె గదికి వచ్చాడు. ఎదురు కుర్చీలో కూర్చోకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"ఈ నెల మీరు వాపస్ పంపినోళ్ళు నలుగురు సిస్టర్."

"అందులో ఇద్దరికి కిడ్నీ రిపోర్టు సక్కగ లేదు సార్. ఒకాయినకు దమ్ము రోగముంది. ఇంకొకామె..."

"నాకు తెలుసు. పైన ఉన్నోళ్ళకు అవన్ని అక్కర్లేదు. రేపు ఒకటో తారీకు సంది ప్రశ్నలన్ని ఫోన్లనే వస్తయి, పేషెంటే టిక్కు పెట్టుకుంటడు. సూది టెక్నీషియనే పెడతడు. ఒక మనిషిని తగ్గించుమంటున్నరు." గొంతు తగ్గించాడు. "మీ పేరు రాకుండ నేను ఆపుకుంటొస్తున్న. ఇయ్యాల ఒక్కరోజు ఎవ్వర్ని వాపస్ పంపకుండ్రి. గంతే."

చంద్రకాంత్ చెడ్డవాడు కాదు. అతనిది సంగారెడ్డి, వాళ్ళమ్మకు స్కాను తీసినప్పుడు ప్రేమలతే సూది పెట్టింది. అతను వెళ్ళాక ఆమె ట్రే మూత మళ్ళీ ఒకసారి తెరిచి మూసింది. ఒక్కరోజు. ఎవరినీ ఆపకుండా ఒక్కరోజు గడిస్తే చాలు.

ఈ ఉద్యోగం పోతే ఇంకోటి దొరకదా అంటే, దొరుకుతుందేమో. యాభై మూడేళ్ళ నర్సును ఏ చిన్న దవాఖానాలోనైనా రాత్రి డ్యూటీకి పెట్టుకుంటారు. ఆమె భయం దానికి కాదు. ఈ గదిలో రోజుకు ఇరవై మంది తమ చేయి తీసి ఆమె చేతిలో పెడతారు. మందుల ఫ్యాక్టరీలో వేళ్ళకొసలు తెల్లగా పొలుసులు లేచిన చేతులు, నాట్లేసి నాట్లేసి గోళ్ళలో మట్టి రంగు పోని చేతులు, వెల్డింగు నిప్పురవ్వల మచ్చలున్న చేతులు. బయట ఆమె చేయి పట్టుకునేవాళ్ళు ఎవరూ లేరు.

రుద్రారంలో కూలి చేసుకునే పెద్దరాములు రెండో కూతురామె. సంగారెడ్డిలో నర్సు ట్రైనింగు చేసింది. ఇరవై ఒకటో ఏట జహీరాబాదు దిక్కు పెళ్ళి చేసిచ్చారు. మూడేళ్ళకు పిల్లలు కాలేదని తిరిగి వచ్చేసింది. ఆ ఇంట్లో ఎవరూ గట్టిగా వెళ్ళమనలేదు, ఎవరూ గట్టిగా ఉండమననూ లేదు. తరవాత తల్లితో కలిసి బీరంగూడలో ఒక గది కిరాయికి తీసుకుంది. తల్లి పోయి ఆరేళ్ళయింది. అన్న ఊళ్ళోనే ఉన్నాడు, పండక్కి ఫోన్ చేస్తాడు. మామూలు రోజుల్లో షేర్ ఆటోలో నలుగురి మధ్య ఇరుక్కుని రావడం, పోవడం ఉంటుంది కనుక ఏమీ తెలియదు. ఆదివారమే కష్టం. ఆదివారం పాలవాడితో తప్ప ఎవరితోనూ మాటుండదు. టీవీ ముందు కూర్చుని, తన ఎడమ ముంజేతి మీద కుడిచేతి వేళ్ళతో నరం వెతుక్కుంటూ ఉంటుంది. తెలియకుండానే. ఒకసారి ఇంటి ఓనరు చూసి, చేయి నొస్తుందా అని అడిగింది. అవునని చెప్పింది ప్రేమలత. ఇంకేం చెబుతుంది?

పన్నెండింటి దాకా అందరూ సాఫీగా వెళ్ళిపోయారు. ఒకామె నరాలు దొరక్క రెండుసార్లు పొడవాల్సి వచ్చింది. ఒక చిన్న పిల్లాడి తండ్రి సూది చూసి తానే కళ్ళు తిరిగి పడబోయాడు; పిల్లాడు నవ్వాడు. ప్రేమలత డబ్బాలోని పప్పన్నం నిలబడే తిన్నది. ఇంకా ఐదుగురే ఉన్నారని రిసెప్షన్‌లో చెప్పారు. ఆమె మనసులో లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టింది.

రెండింటికి నర్సింహులు వచ్చాడు. నలభై ఐదేళ్ళుంటాయి, పాశమైలారంలో బాయిలర్ దగ్గర పని. కడుపునొప్పికి డాక్టరు స్కాను రాశాడు. వెంట భార్య ఎంకమ్మ, చేతిలో మంచినీళ్ళ సీసా, కవరు నిండా పాత కాగితాలు. ఫారంలో అలర్జీ గడి దగ్గర లేదు అని టిక్కు ఉంది. గతంలో ఈ మందు తీసుకున్నప్పుడు ఇబ్బంది కలిగిందా అన్న గడి దగ్గరా లేదు అనే ఉంది. కింద సంతకం. కిడ్నీ రిపోర్టు బాగుంది. ప్రేమలతకు ప్రాణం హాయిగా అనిపించింది.

చేయి కూడా మంచి చేయి. నరం వేలు పెట్టగానే లేచింది. ఉప్పునీళ్ళు చల్లగా జారిపోయాయి. లోపలి నుంచి టెక్నీషియన్ శివశంకర్ కేకేశాడు. "అక్కా, పేషెంటును పంపు!"

ప్రేమలత తలుపు తెరిచి పట్టుకుని, రోజూ చెప్పే మాట చెప్పింది. "మందు పోయేటప్పుడు ఒళ్ళంత వేడిగైతదన్నా. మామూలే. భయపడకు."

"ఎర్కనే అమ్మా. పోయినసారి గూడ బాగ వేడి చేసింది," అన్నాడు నర్సింహులు చెప్పులు విడుస్తూ.

అతను గుమ్మం దాటాడు. ఆమె తలుపు మూయబోయింది. ఆ మాటలో ఏదో ముల్లు గుచ్చుకుంది. వేడైంది అనలేదు. వేడి చేసింది అన్నాడు. రెండింటికీ తేడా నగరం నుంచి వచ్చిన డాక్టరుకు తెలియకపోవచ్చు గానీ రుద్రారంలో పెరిగినదానికి తెలుసు. పొయ్యి దగ్గర కూర్చుంటే వేడవుతుంది. మామిడిపండ్లు ఎక్కువ తింటేనో, ఎండాకాలం కోడిగుడ్డు తింటేనో వేడి చేస్తుంది. వేడి చేస్తే నోట్లో పుండ్లు లేస్తాయి, ఒంటి మీద గుల్లలు లేస్తాయి. అది వేరే సంగతి.

అడగకపోతే ఏమీ లేదు. ఫారంలో సంతకముంది. ఇంకా నలుగురు ఉన్నారు, ఆ తరవాత నెల అయిపోతుంది. తలుపు పిడి మీద చేయి వేసుకుని ఆమె నిలబడే ఉంది. తన మీద తనకే కోపం వచ్చింది, ఆ మాట ఎందుకు విన్నానా అని. కాసేపటికి లోపలికి వెళ్ళింది.

"ఎట్ల చేసిందన్నా వేడి?"

నర్సింహులు అప్పటికే బల్ల ఎక్కి పడుకున్నాడు. "ఎట్ల జేస్తది? అందరికి జేసినట్టే."

బయటి నుంచి ఎంకమ్మ అందుకుంది. "అందరికి జేసినట్టా? పట్నంల స్కాన్ తీపిచ్చుకొని బస్సెక్కినమా, లింగంపల్లి దాటకముందే ఒళ్ళంత దద్దులు లేసె. మూతి వాసి ఇంత లావాయె. గొంతు పట్టేసింది, మాట రాలే ఈయినకు. మా అత్త సబ్జా గింజలు నానబెట్టి తాపిందాంక దిగలే!"

"మరి ఆ దవాఖానోళ్ళకు చెప్పలేదా అక్కా?"

"చెప్పుడేంది? వేడైతది, మామూలే, భయపడకుండ్రి అని ఆళ్ళే చెప్పి పంపిరి గద. వేడే చేసింది."

వాళ్ళే చెప్పి పంపారు. ఆ మాట ప్రేమలతదే. ఎనిమిదేళ్ళుగా, రోజుకు ఇరవై మందికి, అదే మాట. విని తల ఊపి, ఇంటికి పోయే దారిలో మూతులు వాచి, నర్సమ్మ ముందే చెప్పింది కదా అని మజ్జిగ తాగి పడుకున్నవాళ్ళు ఎందరున్నారో. వాళ్ళలో ఎంతమంది తెల్లారి లేచారో.

"శివా, ఆపు. మందు పెట్టకు."

"అక్కా!" శివశంకర్ అద్దం వెనక నుంచి లేచాడు. అతనికి పొద్దుటి సంగతి తెలుసు. "ఫారంల లేదు అని ఉందక్కా."

"ఉండనియ్. ఆపు."

పై అంతస్తులో ఉన్న డాక్టరుకు ఫోన్ చేసింది. ఆయన రెండే ప్రశ్నలు అడిగాడు. ఈ రోజు ఇవ్వవద్దు, రాసిన డాక్టరుతో తాను మాట్లాడతానని, వేరే పరీక్షతో సరిపోతుందేమో చూడాలని, తప్పనిసరైతే ముందు మందులు వాడించి తన ఎదుటే తీయాలని చెప్పాడు. మంచి పని చేశారు సిస్టర్ అని కూడా అన్నాడు. ఆ మాట విన్నది ఆమె ఒక్కతే.

నర్సింహులు బల్ల దిగి కుర్చీలో కూలబడ్డాడు. ఆమె గొట్టం తీసి దూది అదిమి పట్టుకుంది. అతను చేయి లాక్కోబోయాడు.

"డ్యూటీ ఇడిసిపెట్టి వచ్చిన. పొద్దుగాల్నుంచి పచ్చి గంగ ముట్టలే. జెర వేడికే గింత ఆగమా?"

"అది వేడి కాదన్నా. ఆ మందు నీకు పడదు. ఈసారి ఇంకెక్కువైతే గొంతు మూసుకపోతది. ఏ దవాఖానకు పోయినా రంగు మందు నాకు పడదు అని చెప్పాలె. ఏమని చెప్తవు?"

ఎంకమ్మ కొంగు నడుముకు చుట్టుకుంటూ ఆమె మీదికి వచ్చింది. "నువ్వు అడిగినవని చెప్పిన. ఆపుమని చెప్పిన్నా? నా నోరే నాకు శత్రువాయె. పెద్ద డాక్టరమ్మవు దొరికినవు!"

"ఏమని చెప్తవక్కా?" ప్రేమలత మళ్ళీ అడిగింది. దూది మీద టేపు వేసింది.

"పడదు అని చెప్తం. సాలా?" అన్నది ఎంకమ్మ. ఇద్దరూ వెళ్ళిపోయారు.

నాలుగింటికి చంద్రకాంత్ వచ్చాడు. ఈసారి కుర్చీలో కూర్చున్నాడు. అతను కూర్చోగానే ఆమెకు అర్థమైంది.

"సంతకముంది కద సిస్టర్. బాధ్యత ఆయినదే అయితుండె."

"ఆయినకు తెల్వదు సార్."

"ఆయినకు తెల్వనిది మనమెందుకు అడగాలె?" అని, ఆ మాట తనకే బాగా అనిపించక కుర్చీ కాస్త వెనక్కి జరిపాడు. "ఆళ్ళు రిసెప్షన్ల పెద్ద లొల్లి చేసిండ్రు. ఓనర్‌కు ఫోన్ పోయింది. నా చేతుల లేదింక. రేపటి సంది..."

"సరే సార్."

"మీకేమన్న సర్టిఫికెట్ కావాలంటే నేను రాసిస్త."

"సరే సార్," అన్నది ప్రేమలత మళ్ళీ. అమ్మ బాగుందా అని అడిగింది. బాగుందన్నాడు.

చివరి పేషెంటు పుష్పమ్మ. డెబ్బై దాటిన మనిషి. మనవడు తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టి ఫోన్ మాట్లాడుకుంటూ బయటికి పోయాడు. ఉల్లిపొర చర్మం, కింద నరాలు కనిపిస్తాయి గానీ వేలు పెడితే పక్కకు తప్పుకుంటాయి. ప్రేమలత తువ్వాలు వేడినీళ్ళలో ముంచి పిండి ఆ చేతికి చుట్టింది. తరవాత తువ్వాలు తీసేసి, ఆ చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని కూర్చుంది. నరం లేవడానికి అంతసేపు అక్కర్లేదు. అక్కర్లేదని ఆమెకు తెలుసు. ఎన్నడూ లేనిది, ఏడుపొచ్చింది. ఆపుకుందామనుకున్నది కానీ ఆగలేదు.

"ఏంది బిడ్డా," అన్నది పుష్పమ్మ, "సూది నాకైతే నువ్వేడుస్తవేంది?"

ప్రేమలత భుజంతో కళ్ళు తుడుచుకుని నవ్వింది. "కండ్లల్ల ఏదో పడ్డది పెద్దమ్మా. పిడికిలి బిగించు."

మొదటిసారికే దొరికింది. ఉప్పునీళ్ళు పోయాయి, వేళ్ళ కింద ఏమీ పొంగలేదు. ముసలామె చేయి పట్టుకుని లోపలి దాకా నడిపిస్తూ, రోజూ చెప్పే మాట చెప్పబోయి ఆగింది.

"మందు పోయేటప్పుడు ఉడుకు పుట్టినట్టైతది పెద్దమ్మా. నిమిషంల పోవాలె. పోకున్నా, దురద పెట్టినా, దద్దులు లేసినా, మూతి వాసినా, గొంతు పట్టినట్టున్నా మామూలు కాదు. ఇంటికి పోయినంక లేసినా సరే, చెప్పాలె. మజ్జిగ తాగి పండుకోవద్దు."

"ఎవలికి చెప్పాలె బిడ్డా? నీకేనా?"

నాకే అనడానికి నోరు రాలేదు. "ఈడ ఎవరుంటె ఆళ్ళకు," అన్నది.

స్కాను అయ్యాక గొట్టం ఉంచేసి అరగంట తన పక్కనే కూర్చోబెట్టుకుంది. ఏదైనా అయితే మందు పెట్టడానికి దారి ఉండాలి కనుక అందరికీ అట్లాగే ఉంచుతుంది. ఏమీ కాలేదు. పుష్పమ్మ తన కోడలి గురించి, మోకాళ్ళ గురించి, ఈసారి కందులకు పట్టిన పురుగు గురించి చెప్పింది. ప్రేమలత ప్రతి మాటా విన్నది. ఐదున్నరకు గొట్టం తీసి దూది అదిమి, నీళ్ళు బాగా తాగమని చెప్పి, మనవడికి కూడా దద్దుల సంగతి రెండుసార్లు చెప్పి పంపింది.

తరవాత ఒక వాడని ఫారం వెనక్కి తిప్పి, బల్ల దగ్గర కూర్చుని చాలాసేపు ఏదో రాసింది. మధ్యలో రెండుసార్లు కొట్టేసి దిద్దింది. ట్రే తాళం శివశంకర్‌కు ఇచ్చింది.

"ట్రేలున్న అడ్రినలిన్ సీసా తేదీ వచ్చే నెల్లనే ఐపోతది. చూసుకో."

"చూసుకుంట అక్కా." అతను స్క్రీన్ మీంచి తల తిప్పలేదు.

"పొయ్యొస్త మరి."

"మంచిదక్కా."

సందు మలుపులో బీరంగూడ వైపు పోయే షేర్ ఆటో ఆగి ఉంది. వెనక సీట్లో ముగ్గురు ఆడవాళ్ళు జరిగి చోటిచ్చారు. ఆమె ఎక్కింది, ఆటో హైవే మీది లారీల మధ్యకు వెళ్ళిపోయింది.

ఆరింటికి శివశంకర్ మిగిలిన మందు సీసాలు పెట్టడానికి మెట్ల కింది గదిలోకి వచ్చాడు. వేడిపెట్టె తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంది. నీలం ఇంకు, గుండ్రటి అక్షరాలు. ఒకటి అని వేసి, ఎవరన్నా పోయినసారి వేడి చేసింది అంటే ఎట్ల చేసిందో అడగాలి, దద్దులు, మూతి, గొంతు అని పేరుపేరునా అడగాలి అని రాసి ఉంది. రెండోది, మందులేమీ వాడనన్నా షుగరు గోలీ వేసుకుంటారా అని విడిగా అడగాలి, అది మందని అనుకోరు. మూడోది, అలర్జీ ఉందా అని అడిగితే లేదంటారు, ఏమన్నా పడదా అని అడిగితే చెప్తారు. అతను మొత్తం చదివి, పీకడానికి చేయి ఎత్తి, దించేసుకుని లైటు తీసేసి వెళ్ళిపోయాడు. మూడు కింద నాలుగు అని అంకె వేసి, తరవాత ఎవరైనా రాసుకోవడానికి కాగితం చివరిదాకా ఖాళీ వదిలి ఉంది.